పాత ఇంటికి కొత్త రంగు: తల్లీబిడ్డల విషయంలో జాగ్రత్త

ఇంట్లోకి బిడ్డ రాబోతుంటే పాత గదిని బాగు చేయించి, కిటికీలకు రంగు వేయించి, అటక మీది ఉయ్యాల దించడం మన కుటుంబాల్లో మామూలే. మంచి ఉద్దేశంతో చేసే ఈ పనిలో ఒక ప్రమాదం ఉంది. అది నాకు మా ఇంట్లోనే తెలిసివచ్చింది.

మాది మా మామగారు కట్టించిన పాత బంగళా. కోడలికి ఏడో నెల. కిటికీలకు పొరలు పొరలుగా ఉన్న పచ్చ రంగును పెయింటరు రెండు రోజులు ఉప్పుకాగితంతో రుద్దాడు. కోడలు పక్క గదిలోనే పడుకుంది. మూడేళ్ల మనవడు ఆ పొడిలో వేలితో బొమ్మలు గీశాడు. నర్సునై ఉండి, నేను ఆ పొడిని చీపురుతో ఊడ్చాను! సంగతి విన్న పిల్లల డాక్టరుగారు, "సిస్టర్, పాత రంగులో సీసం ఉండవచ్చు" అన్నారు. పరీక్ష చేయిస్తే మనవడి రక్తంలో సీసం 5 మైక్రోగ్రాములు దాటింది. మందులు అవసరం రాలేదు. ఇల్లంతా తడిగుడ్డతో తుడిచి, కొన్ని నెలలకు మళ్లీ పరీక్ష చేయిస్తే తగ్గింది. కోడలి ఫలితం బాగానే ఉంది. కానీ అది వచ్చేవరకు నాకు నిద్ర లేదు.

సీసం ఏం చేస్తుంది?

రంగు మెరుపు కోసం, త్వరగా ఆరడం కోసం పూర్వం ఎనామిల్ రంగుల్లో సీసం కలిపేవారు. మన దేశంలో 2017 నవంబరు 1 నుంచి ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న నియమం అమలులోకి వచ్చింది. అంతకుముందు తలుపులకు, కిటికీలకు, ఇనుప ఊచలకు వేసిన రంగును అనుమానించవలసిందే. వట్టి సున్నం వేసిన గోడలతో ఈ భయం లేదు.

కడుపులోకి పోయిన సీసాన్ని పెద్దవారి కంటే చిన్నపిల్లల శరీరం నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. రక్తహీనత ఉన్న పిల్లల్లో ఇంకా ఎక్కువ. అది మెదడు ఎదుగుదలను, చదువును దెబ్బతీస్తుంది. గర్భిణి రక్తం నుంచి కడుపులోని బిడ్డకూ చేరుతుంది. చాలామందిలో పైకి ఏ లక్షణమూ కనిపించదు. ఇంత వరకైతే ఫర్వాలేదు అని చెప్పగల మోతాదు లేదు.

ఏం చేయాలి?

1. పని మొదలయ్యే ముందే గర్భిణిని, చిన్నపిల్లలను వేరే ఇంటికి పంపండి. శుభ్రం చేయడం పూర్తయ్యాకే తీసుకురండి.

2. పాత రంగు గట్టిగా ఉంటే గీకించవద్దు. దాని మీదే కొత్త రంగు వేయించండి.

3. పెచ్చులు ఊడుతుంటే నీళ్లు చల్లి, తడి మీదే రుద్దమనండి. పొడిగా రుద్దడం, మంటతో కాల్చడం వద్దు. కింద ప్లాస్టిక్ పట్టా పరిపించండి. గదిలోని పరుపులు, బట్టలు ముందే బయటికి తీయండి.

4. చీపురు పట్టవద్దు. సబ్బునీళ్లలో ముంచిన గుడ్డతో నేల, కిటికీ గడపలు తుడిచి, మంచినీళ్లతో మళ్లీ తుడవండి.

5. తీసేసిన పాత కిటికీ చెక్కలను బాలింత వేణ్ణీళ్ల పొయ్యిలో పెట్టకండి. ఆ పొగలోనూ, బూడిదలోనూ సీసం ఉంటుంది. ఆ బూడిదతో అంట్లు తోమడం మరీ ప్రమాదం.

6. పళ్లు వచ్చే బిడ్డ ఉయ్యాల కమ్మీ కొరుకుతుంది. పాత రంగున్న ఉయ్యాల వాడకండి.

7. కొత్త రంగు డబ్బా మీద సీసం 90 పి.పి.ఎం. మించలేదని రాసి ఉందో లేదో చూసి కొనండి.

8. పెయింటరుకూ ఇంట్లో పిల్లలుంటారు. ముక్కుకు మాస్కు ఇవ్వండి. స్నానం చేసి, బట్టలు మార్చుకున్నాకే పిల్లలను ఎత్తుకోమని చెప్పండి.

ఇప్పటికే ఇలా జరిగిపోయిందా? భయపడి దాచకండి. గర్భిణి పరీక్షకు వచ్చినప్పుడు, లేదా పిల్లలకు టీకా వేయించడానికి వచ్చినప్పుడు, "ఇంట్లో పాత రంగు గీకించాం" అని నర్సుతో చెప్పండి. రక్తపరీక్ష అవసరమో కాదో డాక్టరు నిర్ణయిస్తారు. ఐరన్ మాత్రలు మానకండి. అన్నం ముందు పిల్లల చేతులు సబ్బుతో కడగండి.

గది నెల ఆలస్యంగా సిద్ధమైనా బిడ్డకు లోటు లేదు. పాత చీరతో కట్టిన ఉయ్యాలలోనూ హాయిగా నిద్రపోతుంది.