పురుగు ఏరే పిట్టకు కొమ్మ వేద్దాం

రబీ శనగ పూత, పిందె దశకు రాగానే పచ్చపురుగు దిగుతుంది. రైతు అప్పు చేసి మందు తెచ్చి కొడతాడు. ఎదిగిన పురుగు మందుకు ఒక పట్టాన లొంగదు. అయితే అదే పురుగు పిట్ట కంటికి ఇట్టే కనబడుతుంది. తోక చీలిన నల్ల పిట్ట (ఏట్రింత, కొన్నిచోట్ల పసుల పోలిగాడు అంటారు), గోరింక, పాలపిట్ట, కొంగ మన చేలో కూలి అడగని కూలీలు. వాటికి కూర్చునే చోటు, కాస్త తిండి, నీళ్లు, విషం లేని నేల ఉంటే చాలు.

పక్షి స్థావరాలు

పక్షి కూర్చుని చూస్తేనే పురుగు దొరుకుతుంది. శనగ చేలో పిట్ట వాలడానికి ఎత్తయిన మొక్క ఉండదు. అందుకే ఎకరాకు 15 నుంచి 20 పంగల కర్రలు గానీ, టి ఆకారంలో కట్టిన కర్రలు గానీ నాటాలి. పైరు కంటే ఒకటి రెండు అడుగులు ఎత్తుండాలి. ఎండు కంపైనా సరిపోతుంది. విత్తేటప్పుడే శనగలో అక్కడక్కడా జొన్న గింజలు వేసుకుంటే ఆ మొక్కలే స్థావరాలవుతాయి, కంకులు పిట్టలకు మేత అవుతాయి.

పక్షులను అలవాటు చేయడానికి పసుపు కలిపి వండిన అన్నాన్ని గానీ, బొరుగులను గానీ తెల్లవారుజామున కర్రల దగ్గర చల్లాలి. మందు కొట్టిన చేలో మాత్రం చల్లకూడదు. అది పిలిచి విషం పెట్టినట్లే.

గింజలు తినవా?

తింటాయి. అందుకే వరి, జొన్న, సజ్జ పైర్లలో గింజ పాలు పోసుకునే దశకు ముందే స్థావరాలు తీసేయాలి. శనగలో కూడా చిలకల బెడద ఉంటే కాయ ముదిరే సమయానికి పీకేయాలి.

గట్టు మీద చెట్టు

బయట పండు దొరికితే పిట్ట గింజ జోలికి రావడం తగ్గుతుంది. బంజరులో, పొలానికి దూరపు గట్టున రేగు, నేరేడు, సీమచింత, మేడి పెంచుకోవచ్చు. వేపపండు గోరింకకు, కోయిలకు ఇష్టం. మోదుగ, బూరుగ పూలలో తేనె కోసం ఎన్నో పిట్టలు వస్తాయి. కోతలప్పుడు నాలుగు వరి కంకులు కుచ్చుగా కట్టి చూరుకు వేలాడదీసే మన పాత అలవాటు పిచ్చుకలకు మేలు. ఎండాకాలం మట్టి మూకుడులో నీళ్లు పెట్టి రోజూ మార్చాలి.

ఎలుకమందు, కుక్క

ఎలుకమందు కలిపిన నూకలను గట్ల మీద చల్లితే ముందు చచ్చేది పిట్టలే. చచ్చిన ఎలుకను తిన్న కుక్కకు, గుడ్లగూబకు కూడా ప్రాణాపాయం. గుడ్లగూబే రాత్రిపూట ఎలుకలను వేటాడే నేస్తమని మరవకూడదు. ముందురోజు సాయంత్రం కన్నాలన్నీ మూయాలి. మర్నాడు తెరిచి ఉన్నవే ఎలుకలున్న కన్నాలు. 10 గ్రాముల ఎర పొట్లం కట్టి కర్రతో లోపలికి తోసి, మట్టితో మూసేయాలి. చచ్చిన ఎలుకలను ఏరి లోతుగా పూడ్చాలి. ఆ రోజుల్లో కుక్కను ఇంటి దగ్గరే కట్టేయాలి. రెండు పూటలా కడుపునిండా అన్నం పెట్టాలి. ఆకలిగా ఉన్న కుక్క కనబడిందల్లా నోట పెడుతుంది.

ఫోరేట్ గుళికలను 2020 డిసెంబరు 31 నుంచి మన దేశంలో నిషేధించారు. గుళికను గింజ అనుకుని పిట్టలు ఏరుకుంటాయి. ఇంట్లో పాత పొట్లం మిగిలి ఉన్నా వాడకూడదు.

స్థావరాలు పెట్టామని చేను చూడటం మానకూడదు. వారానికి రెండుసార్లు మొక్కలు తిప్పి చూడాలి. పిట్టలకు అందనంతగా పురుగు పెరిగితే వ్యవసాయ అధికారిని అడిగి, ఆయన చెప్పిన మందు, చెప్పిన మోతాదులోనే కొట్టాలి. కర్రలు నాటడానికి ఒక పూట పని, ఖర్చు దాదాపు లేదు. ఒక్క మందు తగ్గినా ఆ డబ్బు మన ఇంట్లోనే ఉంటుంది.