టికెట్ లేని పాటకు శ్రద్ధే టికెట్

డబ్బు పెట్టి కొన్న సినిమా టికెట్టును ఎవరూ వృథా పోనివ్వరు. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా ఎలాగోలా చేరుకుంటాం. బాగోలేకపోయినా చివరిదాకా కూర్చుంటాం. అదే శ్రీరామనవమి పందిట్లో పాత పాటల ఆర్కెస్ట్రా ఉందనుకోండి. ఆలస్యంగా వెళ్తాం, ఒక పాట వీడియో తీసుకుంటాం, రెండో పాట మధ్యలో లేచొచ్చేస్తాం. ఖర్చు పెడితేనే విలువిచ్చే ఈ అలవాటు పాటల దగ్గరే ఆగదు. ఇంట్లో అమ్మ మాటకూ, ఆఫీసులో పక్కసీటు మనిషి చేసిన సాయానికీ పాకుతుంది. దాన్ని మార్చుకోవడానికి ఉచితంగా జరిగే పాటల కచేరీ మంచి చోటు.

ఈ ఎండాకాలం అందుకు ఒక్క సాయంత్రం కేటాయించండి. చైత్రం రాగానే ఊళ్లలోలాగే హైదరాబాద్‌లో మియాపూర్ చుట్టుపక్కల కాలనీల్లోనూ నవమి పందిళ్లు లేస్తాయి. పానకం, వడపప్పు పంచాక కొన్నిచోట్ల పాటలు మొదలవుతాయి. 2021లో ఆదివారం సాయంత్రాలు ట్యాంక్‌బండ్ మీద వాహనాలు ఆపేసి ‘సన్‌డే ఫన్‌డే’ పేరుతో జనానికి సంగీతం వినిపించారు కూడా. మీ కాలనీలో అలాంటిది లేదా? అసోసియేషన్ మీటింగులో మీరే అడగండి.

మూడు నిమిషాలు పూర్తిగా ఇవ్వండి

పాత పాటలు చిన్నవిగా ఉండటానికి కారణముంది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల గ్రామఫోన్ రికార్డులో ఒక్కో వైపు సుమారు 3 నిమిషాల పాటే పట్టేది. పల్లవి, చరణాలు, మధ్యలో వేణువు, వయొలిన్ అన్నీ అందులోనే ఇమడాలి. ‘మిస్సమ్మ’ (1955), ‘మాయాబజార్’ (1957) పాటలు ఆ రికార్డుల కాలానివే. అంత పొదుపుగా కట్టిన పాటకు మీరు ఇవ్వాల్సింది ఆ కొద్ది నిమిషాలే. మొదట్లో చెయ్యి ఫోన్ కోసం జేబులోకి పోతుంటుంది. పోనివ్వకండి. నాలుగైదు పాటలయ్యేసరికి చెవి కుదురుకుంటుంది.

పాడేవాళ్ల వెనకాల చూడండి

అప్పట్లో స్టూడియోలో ఎంతోమంది కలిసి వాయించింది ఇక్కడ ఒక కీబోర్డు, తబలా, రిథమ్ ప్యాడ్ మోయాలి. కీబోర్డాయన కుడిచేత్తో వేణువు బిట్ ముగిస్తూనే ఎడమచేత్తో వయొలిన్ టోన్‌కు మారిపోతాడు. గాయని చరణాన్ని కాస్త ముందే ఎత్తుకుందనుకోండి, తబలా ఆయన మొహం చిట్లించడు. ఆమె ఎక్కడుందో పట్టుకుని తన ఠేకాను అక్కడికి సర్దేస్తాడు. పందిట్లో ఎవరికీ తెలియదు, పాట ఆగదు. రేపు క్లయింట్ డెమోలో మీ టీమ్‌లో ఎవరైనా తడబడితే మీరు చేయాల్సింది అదే. ముందు పనిని నిలబెట్టండి. తప్పు గురించి తర్వాత, విడిగా మాట్లాడుకోవచ్చు.

‘వేరేవాళ్ల పాటే కదా’ అనకండి

తొలిరోజుల్లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం మద్రాసులో ఒక లైట్ మ్యూజిక్ ట్రూపు నడిపేవారు. అందులో గిటారు, హార్మోనియం వాయించిన కుర్రాడు ఇళయరాజా. అలాంటి వేదికల మీదే ఎందరో చేతులు, గొంతులు సానబెట్టుకున్నారు. ఇంకొకరు చేసిన మంచి పనిని నిజాయితీగా మళ్లీ చేసి చూపడం గొప్ప సాధన. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. సీనియర్ రాసిన కోడ్‌ను శ్రద్ధగా చదివి, అర్థం చేసుకుని, చెడగొట్టకుండా ముందుకు నడపడంలో చిన్నతనం ఏమీ లేదు.

పెద్దవాళ్లను వెంటబెట్టుకెళ్లండి

మనవలను చూసుకోవడానికి ఊరు వదిలి మియాపూర్ అపార్ట్‌మెంట్లకు వచ్చిన అమ్మానాన్నలు ఎంతోమంది. ఇక్కడ పలకరించే అరుగు లేదు. లిఫ్టులో ఎవరి ఫోన్ వాళ్లది. ఘంటసాల పాటో, సుశీల పాటో అయ్యాక, ‘నాన్నా, ఈ సినిమా ఎక్కడ చూశావు?’ అని అడగండి. టూరింగ్ టాకీసు, నేల టికెట్టు, తోడొచ్చిన స్నేహితులు... ఒక్కొక్కటీ బయటికొస్తాయి. ఆయన చెప్పడం పూర్తయ్యేదాకా అడ్డురాకండి. పాట విన్నంత శ్రద్ధగా ఆ మాటలూ వినండి.

చివరిదాకా ఉండండి

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం బహిరంగ ప్రదేశాల్లో లౌడ్‌స్పీకర్లు మామూలుగా రాత్రి 10 దాటాక వాడకూడదు. కాబట్టి మర్నాటి ఆఫీసుకు ఢోకా లేదు, ముందే లేవాల్సిన పనీ లేదు. అంతా అయ్యాక వేదిక దగ్గరికి వెళ్లండి. ‘బాగుందండీ’ అని ఊరుకోకుండా ఏది బాగుందో చెప్పండి. ‘రెండో చరణం ముందు మీరు వాయించిన వేణువు బిట్ చాలా బాగుందండీ’ అని చెప్పాలంటే ముందు విని ఉండాలి కదా!

మర్నాడు ఆఫీసులోనూ అలాగే చెయ్యండి. మీకు సాయపడిన మనిషికి ఉత్త థాంక్స్‌తో సరిపెట్టకుండా, ఆ సాయం ఎక్కడ, ఎలా పనికొచ్చిందో చెప్పండి. మన దగ్గర రూపాయి తీసుకోకుండా మేలు చేసేవాళ్లు చుట్టూ చాలామంది ఉన్నారు. వాళ్లకు మనం తిరిగి ఇవ్వగలిగింది శ్రద్ధ. అది ఇవ్వడం అలవాటైన మనిషిని ఎవరూ తేలిగ్గా వదులుకోరు.