చలి కోడికా, మనకా?

కోళ్ల గూట్లో వేడికి పెడతానన్న ఎర్ర బల్బు కొనేశావా చెల్లీ, ఇంకా లేదా? కొనకపోతే ఆగు. కొనేసి ఉంటే బిల్లు పారెయ్యకు, వెనక్కిచ్చేద్దాం.

"అక్కా, పొద్దున లేచేసరికి గడ్డంతా తెల్లగా మంచు పేరుకుంటోంది, నా కోళ్లు ఎలా బతుకుతాయంటావ్?" అని ఫోన్లో ఏడుపు గొంతుతో అడిగావు చూడు, నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. జర్మనీలో, ఈ బ్యోబ్లింగెన్‌లో, నీకిది తొలి చలికాలం. రెండు స్వెట్టర్ల మీద శాలువా కప్పుకుని వంటింటి కిటికీలోంచి పెరట్లోకి చూస్తుంటావు. నీకు వణుకు పుడుతుంటే కోడికీ పుడుతున్నట్టే ఉంటుంది మరి. కానీ కోడి ఒంటి వేడి ఎంతనుకున్నావ్? 41 డిగ్రీలు! మనకైతే అది జ్వరం, మాత్ర వేసుకుని ముసుగు తన్నేస్తాం. దాని ఈకల మధ్య నిలిచే గాలి ఆ వేడిని బయటికి పోనివ్వదు. ఇక్కడ జనవరి రాత్రుళ్లు సున్నా కిందకి దిగడం మామూలే, ఒక్కో ఏడు మైనస్ 10 కూడా చూస్తాం. ఒళ్లు పొడిగా, కడుపు నిండుగా ఉంటే ఎదిగిన పెట్ట ఆ చలిని నిక్షేపంగా తట్టుకుంటుంది.

నువ్వు భయపడాల్సింది చెమ్మకి. రాత్రంతా అవి ఊపిరి వదులుతాయి, రెట్ట వేస్తాయి. కోడికి మూత్రం వేరుగా ఉండదు, అంతా ఆ రెట్టలోనే. ఆ తడంతా గూట్లోనే ఆవిరై తిరుగుతుంది. చలి వేస్తుందేమోనని నువ్వు సందుసందుకీ గుడ్డలు కుక్కేశావనుకో, ఆ ఆవిరి పోయే దారేదీ? తురాయి మీద చేరి, గడ్డకట్టి, కొసలు నల్లబడతాయి. రెట్టలోంచి వచ్చే అమ్మోనియా ఘాటు ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది. మీ పడగ్గది మూల నల్లగా బూజు పట్టిందని ఇంటావిడ గొడవ పెట్టుకుంది కదా, గుర్తుందా? బట్టలు లోపలే ఆరేసి, గంటల తరబడి పప్పు ఉడికించి, కిటికీ మాత్రం తెరవకపోతే అంతే అవుతుంది. ఇక్కడివాళ్లు గడ్డకట్టే చలిలో కూడా పొద్దున్నే కిటికీలు బార్లా తెరిచి పెడుతుంటే "వీళ్లకేమైనా పిచ్చా" అనుకునేదాన్ని నేనూ. కోళ్ల గూటికీ ఆ పిచ్చే కావాలి.

అందుకని పైకప్పుకి కాస్త కింద, కోళ్లు పడుకునే కర్రకి బాగా ఎత్తున, రెండు పక్కలా గాలి సందులు ఉంచు. వాటికి గట్టి ఇనుప జాలీ బిగించు. మంచు పడినా సరే, అవి మూయొద్దు. కర్ర ఎత్తులో మాత్రం కోడికి సూటిగా గాలి కొట్టకూడదు, అక్కడి పగుళ్లు పూడ్చెయ్. సరిగ్గా కుదిరిందో లేదో ఎలా తెలుస్తుందంటే, తెల్లారి తలుపు తియ్యగానే నడుము వంచి నీ ముక్కు ఆ కర్ర దగ్గర పెట్టు. కళ్లు మండినా, గూటి కిటికీ అద్దానికి లోపలివైపు నీటిబొట్లు కారుతున్నా గాలి చాలట్లేదన్నమాట.

కర్ర అంటే గుర్తొచ్చింది. మనూళ్లో ఏ వెదురు బద్ద కట్టినా కోళ్లు ఎక్కేసేవి. ఇక్కడ సన్న కర్ర పనికిరాదు. 5 సెంటీమీటర్ల వెడల్పు చెక్క పట్టీ, అంచులు నున్నగా గీకించి పెట్టు. కోడి దానిమీద పాదం చాపుకుని కూర్చుంటే రొమ్ము ఈకలు దిగి వేళ్లని పూర్తిగా కప్పేస్తాయి. ఒకరోజు రాత్రి టార్చి వేసి చూడు, ఒక్క వేలు కూడా బయటికి కనబడకూడదు.

ఇప్పుడు చెప్పు, ఆ ఎర్ర బల్బు ఎందుకు? కింద ఎండుగడ్డి, గాల్లో దుమ్ము, ఈకలు. అది ఊడిపడితే గూడుతో పాటు పక్కింటి కంచె కూడా తగలబడుతుంది. పైగా వేడికి అలవాటుపడ్డ కోడికి కరెంటు పోయిన రాత్రి అసలు కష్టం.

నేనైతే చలికాలం పని అక్టోబరులోనే మొదలుపెడతాను. ఎండ కాసిన శనివారం చూసుకుని గూడంతా ఖాళీ చేసి, కర్రల చివర్లూ చెక్కల అతుకులూ గీకి కడుగుతాను. ఎర్ర పేలు దాక్కునేది అక్కడే. ఆరాక లోపల సున్నం. అవును, మన సున్నమే! ఇక్కడి పాతకాలపు రైతులూ కోళ్ల గూటికి సున్నమే కొట్టేవాళ్లు. కళ్లద్దాలు పెట్టుకుని కొట్టు, కంట్లో పడితే చాలా ప్రమాదం. వరి ఊక ఇక్కడ దొరకదు కాబట్టి రంపపు పొట్టు, తరిగిన గడ్డి జానెడు మందాన పరుచుకో. తడిసిన చోట ఎప్పటికప్పుడు ఎత్తి పారేస్తే చాలు.

ఒక మూల పాత టబ్బులో పొడి ఇసుక, కట్టెపొయ్యి బూడిద కలిపి, వాన పడని చోట పెట్టు. రంగులు, వార్నిషులు వేసిన చెక్క కాల్చిన బూడిద వద్దు. నేలంతా బురదగానో బిగుసుకుపోయో ఉన్నప్పుడు కోళ్లకి అంతకంటే భోగం లేదు. ఒక పక్కకి ఒరిగి, కాలు గాల్లోకి చాపి, రెక్క కింద బూడిద ఎగజల్లుకుంటూ కళ్లు అరమూసుకుంటాయి. మొదటిసారి చూసినప్పుడు కోడికి మూర్ఛ వచ్చిందనుకుని మా ఆయన్ని కేకేశాను!

నీళ్ల సంగతే అసలు తలనొప్పి. కోడి రోజుకి గ్లాసుడు నీళ్లు తాగుతుంది, అవి గడ్డకడితే గుడ్లూ లేవు. వేడినీళ్లు మోసుకెళ్లే ఓపిక ఉద్యోగానికి పరిగెత్తేవాళ్లకెక్కడిది? ఇక్కడి ముసలమ్మల చిట్కా ఒకటుంది. నవంబరు 1న అందరూ సమాధుల మీద వెలిగిస్తారే, ఎర్ర డబ్బాలో కొవ్వొత్తి, అది తెచ్చుకో. ఇటుక మీద పెట్టి వెలిగించి, పైన మట్టి పూలకుండీ బోర్లించు. గాలి ఆడేలా ఒక పక్క కాస్త ఎత్తి పెట్టు. ఆ కుండీ మీద ఇనుప నీళ్లడబ్బా. నీళ్లు గోరువెచ్చగా అవ్వవు కానీ గడ్డకట్టవు. ఇదంతా గూటి బయట, గడ్డికి దూరంగా. లోపల పెడితే మంటకి మంట, చెమ్మకి చెమ్మ.

మేతకి రోజూ వేసే దాణాతో పాటు సాయంత్రం గుప్పెడు గోధుమలు, మొక్కజొన్న గింజలు చల్లు. అరుగుతూ రాత్రంతా వెచ్చదనం ఇస్తాయి. ఈకలు రాల్చే కోడికి మాంసకృత్తులు ఎక్కువుండే దాణా వేయాలి. మిగిలిన అన్నం, పప్పు మాత్రం వేయకు. మనకి అలవాటే, నాకూ చెయ్యి వెళ్తుంది, కానీ వంటగదిలో మిగిలినవి కోళ్లకి వేయడం ఐరోపా చట్టం ప్రకారం నిషేధం. రోగాలు పాకుతాయని. తోటలోంచి నేరుగా కోసిన ఆకు ఫర్వాలేదు.

భీమవరం వైపు సంక్రాంతి పుంజులకి బాదంపప్పులు పెట్టేవాళ్లు ఈ చలి చూస్తే ఏమంటారో గానీ, వాళ్ల అసీలు పుంజు తురాయి మాత్రం ఈ దేశానికి సరిపోయినట్టే ఉంటుంది, చిన్నగా తలకి అంటుకుని. నీ తెల్ల లెగ్‌హార్న్‌లవి పెద్ద తురాయిలు, మంచు కొరికేది వాటినే. వాజెలిన్ రాయమంటారు కొందరు. రాసుకో, నష్టం లేదు, కానీ గూడు చెమ్మగా ఉంటే డబ్బాలు డబ్బాలు రాసినా లాభం లేదు.

గుడ్లు తగ్గాయని బెంగపడకు. కోడి గుడ్డు పెట్టాలంటే రోజుకి 14 గంటల వెలుతురు ఉండాలంటారు. గుంటూరులో డిసెంబరులో కూడా పగలు 11 గంటలకి తగ్గదు, ఇక్కడేమో 8 గంటల పైచిలుకు. లైటు పెట్టి పెట్టించేవాళ్లున్నారు. నాకు మనసొప్పదు, ఏడాదికోసారి వాటినీ కాస్త ఊపిరి పీల్చుకోనీ. పెట్టాలనుకుంటే తెల్లవారుజామున పెట్టు. సాయంత్రం పెట్టి టక్కున ఆపేస్తే కర్ర ఎక్కకుండానే చీకట్లో చిక్కుకుపోతాయి. నాలుగున్నరకే చీకటి పడే ఊళ్లో నువ్వు ఆఫీసు నుంచి ఆరింటికి వస్తావు కాబట్టి, వెలుతురు చూసి దానంతట అదే మూసుకునే తలుపు ఒకటి కొను. ఖరీదే, కానీ నక్కకీ మార్డర్‌కీ మన ఆఫీసు వేళలతో పనిలేదు. మార్డర్ అంటే మన ముంగిసంత ఉంటుంది, పిడికిలంత సందు చాలు దూరిపోతుంది.

కోళ్లు తిరిగే ఆవరణకి పైన వల ఒకటే కట్టావు కదా? తడి మంచు దానిమీద పేరుకుంటే బరువుకి కూలిపోతుంది. వల తీసేసి రేకు వెయ్యి. ఇంకో లాభం కూడా ఉంది. 2016 నవంబరులో బోడెన్‌సే సరస్సు దగ్గర అడవి బాతులు బర్డ్ ఫ్లూతో చనిపోతే, మన బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రమంతా కోళ్లని లోపలే ఉంచాలన్నారు. 2025 అక్టోబరులో కొంగలు వేలల్లో చచ్చిపోయినప్పుడు కూడా దేశంలో చాలా జిల్లాల్లో ఆ ఆంక్ష వచ్చింది. పైన రేకు, చుట్టూ పిచ్చుక దూరని జాలీ ఉన్న ఆవరణ అయితే అలాంటప్పుడు కూడా వాటికి కాళ్లాడించుకునే చోటు మిగులుతుంది.

కాగితాల పని అయిందా? ఒక్క కోడి ఉన్నా సరే లాండ్రాట్స్‌ఆమ్ట్‌లోని, అంటే జిల్లా కార్యాలయంలోని పశువైద్య విభాగంలో నమోదు చేయించాలి. కొక్కెర తెగులు టీకా కూడా తప్పనిసరి, పెరటి కోళ్లకి మినహాయింపేమీ లేదు. నీళ్లలో కలిపి తాగించే మందైతే ఒక్క సీసా వందల కోళ్లకి సరిపోతుంది, నీ నాలుగింటి కోసం కొంటే దండగ. చుట్టుపక్కల ఏ ఊరికెళ్లినా కోళ్లు, కుందేళ్లు పెంచేవాళ్ల సంఘం ఒకటి ఉంటుంది, అందరూ కలిసి వేయించుకుంటారు. పోయి చేరు. నీ కోళ్ల గురించి ఒక్క ప్రశ్న అడిగితే పెద్దాయనలు నిన్ను సాయంత్రం దాకా వదలరు. వాళ్ల ష్వాబిష్ యాస అర్థం కాకపోతే మళ్లీ అడుగు, ఈసారి ఇంకా గట్టిగా అదే యాసలో చెప్తారు!