కోటలు, గడీలు: మూడు దినముల అధ్యయన యాత్ర

చరిత్ర గ్రంథాలయపు బీరువాలలో మాత్రమే ఉండదు. ఊరి నడుమ నిలిచిన బురుజులోను, తలుపులూడిన గడీ చావడిలోను, చెరువుకట్ట మీది శాసనశిలపైన కూడ అది వ్రాయబడి ఉన్నది. పుస్తకం చదువుటకు లిపి తెలియవలెను. కట్టడాన్ని చదువుటకు ప్రశ్నించుట తెలియవలెను. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలలో మూడు దినాలలో పూర్తిచేయదగిన ఒక యాత్రాక్రమాన్ని విద్యార్థుల ముందు, కళాశాల పాలకవర్గం వారి ముందు ఉంచుట ఈ వ్యాసంలో మా ఉద్దేశము.

బయలుదేరుటకు ముందు కొన్ని మాటల అర్థం తెలిసికొందము. ఖిల్లా, బురుజు అరబ్బీ నుండి వచ్చిన మాటలు. దర్వాజా, జాగీరు పారసీకం నుండి వచ్చినవి. కోట, గోడ, చెరువు మన తెలుగు మాటలు. దేశ్‌ముఖ్ అనునది సంస్కృత పదాలతో ఏర్పడి, దక్కన్ సుల్తానుల పాలనలో స్థిరపడిన ఉద్యోగ నామము. ఒక్క కట్టడాన్ని వర్ణించుటకే ఇన్ని భాషలు కలిసి రావలసి ఉన్నది. ఉర్దూ, తెలుగు రెండూ వచ్చిన మన విద్యార్థులకు ఇక్కడ ఉన్న సౌలభ్యం ఇతరులకు లేదు.

కోటకు, గడీకి గల భేదం కూడ గుర్తింపవలెను. కోట రాజ్యరక్షణ కొరకు కట్టినది. శత్రువు బయటి నుండి వచ్చునని దాని భయము. గడీ దొర నివాసము, కచేరి, ధాన్యాగారము కూడ. దాని ఎత్తైన గోడలు పరరాజుల కొరకు కట్టినవి కావు; తన ఊరి ప్రజల నుండి దొరను వేరుచేయుటకు కట్టినవి. ఈ ఒక్క విషయం మనసులో ఉంచుకొన్నచో తక్కినవి తామే బోధపడగలవు.

మొదటి దినము: జనగామ

జనగామకు సమీపాన పెంబర్తి ఉన్నది. అక్కడి ఇత్తడి, కంచు పనివారు దేవాలయ వాహనాలకు తొడుగులూ చేసినారు, నవాబుల ఇండ్లకు పాన్‌దాన్‌లూ అత్తరు పాత్రలూ చేసినారు. 2010లో ఈ పనితనానికి భౌగోళిక గుర్తింపు లభించినది. కోట వైభవం వెనుక కంసాలి సుత్తె ఉన్నదని ముందుగా తెలియుటకు ఇక్కడ యాత్ర ఆరంభించుట మంచిది.

అక్కడి నుండి రఘునాథపల్లి మండలంలోని ఖిలాషాపూర్ చేరవలెను. ఊరిలో నిలిచిన ఆ రాతి బురుజులు సర్వాయి పాపన్న పేరుతో ముడిపడినవి. కల్లుగీత కులంలో పుట్టిన పాపన్న 18వ శతాబ్దపు ఆరంభంలో మొగలు అధికారాన్ని ఎదిరించి, 1708లో వరంగల్లు నగరాన్ని పట్టుకొన్నాడు; 1710లో పట్టుబడి వధింపబడినాడు. పారసీక చరిత్రకారుడు ఖాఫీఖాన్ అతనిని దారిదోపిడీగానిగా చిత్రించినాడు. తెలుగు జానపదులు వీరునిగా పాడుకొన్నారు. ఎవరి మాట నిజము? అతడు ధనికులను దోచిన మాట, స్త్రీలను చెరపట్టిన మాట కాదనలేము. నాటి సమాజంలో గీత కార్మికుడొకడు కోటకు అధిపతి యగుట ఎంతటి సాహసమో దానిని కూడ కాదనలేము. అతని అనుచరులలో హిందువులు, ముస్లిములు ఇరువురూ ఉండిరి. ఆస్థానంలో కూర్చుండి వ్రాసినవాని మాటను, పొలంగట్టున నిలిచి పాడినవాని మాటను ప్రక్కప్రక్కన ఉంచి తూచుటయే చరిత్ర విద్యార్థి చేయదగిన పని.

మధ్యాహ్నము పాలకుర్తి మండలంలోని విసునూరుకు, దేవరుప్పుల మండలంలోని కడవెండి, కామారెడ్డిగూడెం గ్రామాలకు. విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి పెత్తనం అరవై గ్రామాలపైన, నలభైవేల ఎకరాల భూమిపైన సాగినది. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ మొదలైన వృత్తులవారు గడీకి కూలి లేక పనిచేయవలెను. దానినే వెట్టి అన్నారు. "నీ బాంచెన్ దొరా, కాల్మొక్తా" అను మాట ఈ గడీల ముంగిళ్లలో వినబడినది. కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ తన భూమి కొరకు దొర బలగాన్ని ఎదిరించి న్యాయస్థానానికెక్కినాడు. 1940లో హత్యకు గురియైనాడు. అతని సమాధి నేటికీ ఆ ఊరిలో ఉన్నది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గారల "మాభూమి" నాటకానికి బందగీ గాథయే ఆధారము. 1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపుపై దొర మనుషులు కాల్చిన తుపాకికి దొడ్డి కొమరయ్య నేలకొరిగినాడు. సాయుధ పోరాటము అక్కడ నుండి పెల్లుబికినది. తెలంగాణ పోరాటంపై కిషన్ చందర్ వ్రాసిన ఉర్దూ నవల "జబ్ ఖేత్ జాగే" 1979లో నిర్మించిన "మాభూమి" చలనచిత్రానికి మూలము. ఆ కథను రెండు భాషలూ పంచుకొన్నవి.

ఇక్కడ ఒక కఠిన సత్యాన్ని దాటిపోరాదు. 2016 దాకా వరంగల్లు జిల్లాలో ఉండి, నేడు సిద్దిపేట జిల్లాలో ఉన్న బైరాన్‌పల్లిలో ఒక బురుజు ఉన్నది. 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాము పోలీసులు ఆ ఊరిపై పడి ఎనభైమందికి పైగా గ్రామస్థులను చంపినారు. అదే నెలలో, రజాకార్లను తన కలంతో ఎదిరించిన ఉర్దూ పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాన్ హైదరాబాదులో హత్య చేయబడినాడు. బందగీని గర్వంతో తలచుకొను మనము బైరాన్‌పల్లి ముందు తలవంచి నిలువవలెను. పీడించినవారిని, పీడింపబడినవారిని మతాన్ని బట్టి వేరుచేయుటకు ఈ నేల చరిత్ర అంగీకరింపదు.

రెండవ దినము: పాలకుర్తి నుండి మహబూబాబాద్

ఉదయం జఫర్‌గఢ్. వేల్పుకొండ అను పాతపేరు గల ఈ చోటికి జఫరుద్దౌలా పేరు మీదుగా కొత్తపేరు వచ్చినదని చెప్పుదురు. పిమ్మట పాలకుర్తి, బమ్మెర. ఇవి పాల్కురికి సోమనాథుని, పోతనను తలపించు ఊళ్లు. తన భాగవతాన్ని పోతన రాజులకు అంకితమీయలేదు. కోటలు చూడబోవు యాత్రలో, కోటవైపు చూడని కవి ఊరు కూడ ఉండవలెనని మా అభిప్రాయము. కౌలు భూమిలోని పంటను విసునూరు దొర మనుషులకు దక్కనీయక నిలిచిన చిట్యాల ఐలమ్మది కూడ పాలకుర్తియే. ఆమె 1985లో మరణించినది.

సాయంకాలము మహబూబాబాద్ జిల్లా. జిల్లా కేంద్రాన్ని ప్రజలు నేటికీ మానుకోట అనియే పిలుతురు. కోట అను మాట పేరులోనే నిలిచినది. ఇనుగుర్తిలో ఒద్దిరాజు సోదరులు 1922లో "తెనుగు" పత్రికను స్థాపించినారు. ఊరూర గడీ పెత్తనం సాగిన కాలంలో ఒక పల్లెటూరి నుండి తెలుగు పత్రిక వెలువడుట సామాన్య విషయం కాదు. బయ్యారం చెరువు శాసనం గణపతిదేవుని సోదరి మైలాంబది. కాకతీయుల తొలి వంశక్రమం తెలియుటకు అది ముఖ్యాధారము. ఆమె త్రవ్వించిన చెరువు మాత్రము నేటికీ పొలాలకు నీరిచ్చుచున్నది.

మూడవ దినము: భూపాలపల్లి

గణపురంలోని కోటగుళ్లు కాకతీయుల నాటివి. ప్రాకారం నడుమ గణపేశ్వరాలయం, దాని చుట్టును చిన్నవి పెద్దవి కలిపి ఇరవైకి పైగా గుళ్లు ఉన్నవి. స్తంభాలు ఒరిగినవి, శిల్పాలు చెదరినవి. ఇక్కడికి దగ్గరలోనే, ములుగు జిల్లాలోని పాలంపేట రామప్ప దేవాలయం 2021లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందినది. ఒక చేతి పనితనమే అనదగిన రెండు చోట్లలో ఒకదానికి కీర్తి, మరొకదానికి ఉపేక్ష ఎందువలన కలిగినదో విద్యార్థులు అక్కడ నిలిచి ఆలోచింపవలెను. సమయమున్నచో మహాదేవపూర్ అడవులవైపున ఉన్న ప్రతాపగిరి కోటను కూడ చూడవచ్చును. అది నడక దారి, స్థానికుడు తోడు లేనిదే వెళ్లరాదు.

చూచు విధానము

ఇంగ్లండులో పాత ప్రభువుల భవనాలను, కోటలను కాపాడుటకు 1895లో నేషనల్ ట్రస్టు ఏర్పడినది. ఆ సంస్థ 2020లో తన ఆధీనంలోని ఏ భవనాలకు వలస పాలనతోను బానిసల వ్యాపారంతోను సంబంధమున్నదో తెలుపు నివేదిక ప్రకటించినది. వేల్సులోని పోవిస్ కోటలో టిప్పు సుల్తాను డేరా నేటికీ ఉన్నది. భవనాన్ని కాపాడుట, దాని వెనుకటి అన్యాయాన్ని చెప్పుట పరస్పర విరుద్ధాలు కావని దీనివలన తెలియుచున్నది. మన గడీల విషయంలోను అంతే. 1949లో జాగీర్లు రద్దయినవి; దొరతనం పోయినది. ఇప్పుడు గడీని కూల్చినచో వెట్టి చేసినవారి చెమటకు మిగిలిన సాక్ష్యం కూడ కూలిపోవును.

కావున ప్రతి కట్టడం ముందు నాలుగు ప్రశ్నలు వేయవలెను. దీనిని కట్టించినదెవరు? రాయి మోసినదెవరు? నీరు ఎక్కడిది? ఈ గడప దాటుటకు ఎవరికి అనుమతి లేకుండెను? మొదటి దానికి జవాబు శాసనంలో దొరకవచ్చును. తక్కినవాటికి ఊరి వృద్ధులనే అడుగవలెను. వారు చెప్పినది వారి మాటలలోనే వ్రాసికొనవలెను. వారసులు నివసించు ఇంట అనుమతి లేక అడుగుపెట్టరాదు. గోడలపై పేర్లు చెక్కరాదు, ఒరిగిన బురుజులెక్కరాదు.

జనగామ, మహబూబాబాదులకు రైలున్నది. తక్కిన దారికి ఒక బస్సు చాలును. వానలు వెనుకబట్టిన పిమ్మట, ఎండలు ముదరక ముందు వెళ్లుట మేలు. పాలకవర్గం వారు ఏటేట ఒక తరగతికి ఈ అవకాశం కల్పించి, విద్యార్థులు సేకరించిన విషయాలను రెండు భాషలలోను గ్రంథాలయంలో భద్రపరుపవలెనని మా విన్నపము. బందగీని, ఐలమ్మను కన్నులారా చూచినవారు ఏటికేడు తగ్గిపోవుచున్నారు. రాయి మరికొంత కాలం నిలుచును. మనిషి మాట నిలువదు. ముందుగా వ్రాసికొనవలసినది ఆ మాటనే.