పీఎఫ్ వద్దన్నవట

బిడ్డా లావణ్యా,

షాపుల పీఎఫ్ వద్దు, ఆ పైసలు గూడ చేతికే ఇయ్యుండ్రి అన్నవట. మీ అమ్మ ఫోన్ల చెప్పినప్పటి సంది నాకు అన్నం సయిస్తలేదు. నీ జీతంల నూటికి 12 కోస్తరు, నిజమే. షావుకారి గూడ తన దిక్కు నుంచి అంతే కట్టాలె. నువ్వు వద్దంటే ఎవరికి మిగిలినట్టు? లెక్కలల్ల ఫస్టొచ్చిన పిల్లవు, నేను చెప్పాల్నా?

నా బీడీల కథ చెప్త. మన సిరిసిల్లల బట్ట నేసే సాంచెలు మొగోళ్లయి, బీడీలు ఆడోళ్లయి. సాంచెలు బందువడ్డ నెలల్ల మనింట్ల పొయ్యి మండింది బీడీల మీదనే. అయినా వాటిని ఉప్పు మిరపకాయల పైసలనేటోళ్లు. కార్ఖానల గూడ గంతే. ప్యాకింగోళ్లు, నెల జీతపోళ్లు మొగోళ్లు. ఎన్ని చుడితే అంత కూలి మాకు. రాత్రి తునికాకు నానవెట్టి, తడిబట్టల చుట్టి, తెల్లారి రేకు పెట్టి కత్తిరించి, తంబాకు పోసి చుట్టి దారం కట్టాలె. 25 బీడీలకు కట్ట, 40 కట్టలకు వెయ్యి. బీడీలు తీసుకునే టేకేదారు కట్ట విప్పి, మంచిగ లేవని కొన్ని పక్కకు వేసేటోడు. వేసినయి మళ్ల మాకిచ్చేటోడా? ఆయన దగ్గరనే ఉంచుకునేటోడు. సరేతీ, ఆ కోపం ఇప్పుడెందుకు.

అసలు సంగతి విను. బీడీ పనికి పీఎఫ్ 1977 నుంచే ఉన్నది. కానీ నేను చుట్టినయన్ని ఏండ్లకేండ్లు మా అత్త కార్డు మీదనే ఎక్కినయి. కొట్లాడి నా పేరు రాయించుకున్న. తెలంగాణ వచ్చినంక సర్కారు బీడీ పింఛను పెట్టి, 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్ ఉన్నోళ్లకే అన్నది. నాకు వచ్చింది. పక్కింటి వదినెకు రాలే. నాకంటె చేతివేగం ఆమెదే, ఆమె చుట్టినయి గూడ వాళ్లత్త పేరు మీదనే పోయినయి.

పొద్దంత నిలవడి చీరలు విప్పి చూపుతవు, కాళ్లు గుంజుతున్నయా బిడ్డా? పండేటప్పుడు కాళ్ల కింద మెత్త పెట్టుకో. నీ మీద కోపం లేదు, భయం అంతే.

రేపే పోయి, పీఎఫ్ కావాలని చెప్పు. ఆధార్ల పేరు ఎట్లున్నదో పీఎఫ్ల గూడ అట్లనే రాయించు, ఒక్క అక్షరం తప్పినా తిప్పలే. పదేండ్లు నిండితేనే పింఛను, మధ్యల షాపు మారినా పాత పీఎఫ్ నంబరే చెప్పు. నెలనెల ఫోన్ల చూసుకో, కట్టిండ్రా లేదా అని. ఆ నంబరు ఫోటో నాకు వాట్సాప్ చెయ్యి.

సకినాలు బస్సుల పంపుతున్న, నీ రూము పిల్లలకు గూడ పెట్టు. వాళ్లల్ల ఎవరన్న పీఎఫ్ వద్దన్నరేమో అది గూడ అడుగు.

మీ పెద్దమ్మ