రెండు కొనల తెడ్డు

వానాకాలంలో నాందేడ్ ఘాట్ల దగ్గర గోదావరిని చూసినవారు మే నెలలో మళ్ళీ వస్తే ఇది ఆ నదేనా అనుకుంటారు. మెట్లను ముంచి పారిన ఎర్రనీరు ఉండదు. చాలాచోట్ల ఇసుక తేలి, మధ్యమధ్య నీరు మడుగులుగా కనిపిస్తుంది. నగరానికి ఎగువన విష్ణుపురి ఆనకట్ట వెనుక మాత్రం నీరు నిలిచి ఉంటుంది. ఆ నీటిని పంపులతో ఎత్తి పొలాలకు అందిస్తారు. నాందేడ్‌కు తాగునీరు కూడా అక్కడి నుంచే వస్తుంది. దిగువన ధర్మాబాద్ తాలూకాలో బాబ్లీ బ్యారేజీ ఉంది. 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం దాని గేట్లు ఏటా జులై 1 నుంచి అక్టోబరు 28 వరకు తెరిచే ఉంచాలి. ఆ తరువాత మూస్తారు. అందువల్ల వేసవిలో మన గోదావరి, ఒకదాని తరువాత ఒకటిగా పేర్చిన చెరువుల వరుసలాగా ఉంటుంది.

ఇలా నిలిచిన నీటి మీద సరదాగా నడుపుకొనే చిన్న పడవ ఒకటుంది. దాని పేరు కయాక్. ఒకరు, లేదా ఇద్దరు మాత్రమే పడతారు. ఇంజను ఉండదు, తెరచాప ఉండదు. చేతిలో ఒక తెడ్డు ఉంటుంది. మరాఠీలో దీనినే 'వల్హే' అంటారని మీకు తెలుసు. కానీ మామూలు తెడ్డుకు ఒక కొననే రెక్క ఉంటుంది. కయాక్ తెడ్డుకు రెండు కొనలా రెక్కలుంటాయి.

కయాక్ పుట్టిన చోటు వింటే ఆశ్చర్యం కలుగుతుంది. గ్రీన్‌లాండ్, ఉత్తర కెనడా, అలాస్కా తీరాలలో ఏడాదిలో ఎక్కువ భాగం మంచే. అక్కడి ఇన్యూట్ ప్రజలు సీల్ అనే నీటి జంతువును వేటాడడానికి ఈ పడవను చేసుకున్నారు. ఆ నేల మీద చెట్లు పెరగవు. అందుకని సముద్రంలో కొట్టుకువచ్చిన దుంగలతోనూ, జంతువుల ఎముకలతోనూ చట్రం కట్టి, దానిమీద సీల్ తోలు బిగించేవారు. ఎవరి పడవ వారి ఒంటికొలతకు తయారయ్యేది. గ్రీన్‌లాండ్‌లో పడవ పొడవు సుమారు మూడు బారలు. రెండు చేతులూ పక్కలకు చాపితే ఒక చేతి వేళ్ళ కొస నుంచి రెండో చేతి వేళ్ళ కొస వరకు ఉండే దూరం ఒక బార. కూర్చునే చోట వెడల్పు, తుంటి వెడల్పు మీద రెండు పిడికిళ్ళు. మీ బార ఎంతో గోడ దగ్గర నిలబడి కొలిచి చూడండి. అది ఇంచుమించు మీ ఎత్తుకు సమానంగా వస్తుంది. 140 సెం.మీ. ఎత్తున్న పిల్లవాడి కయాక్ 420 సెం.మీ. పొడవు ఉండాలన్నమాట. కాగితం మీద రాసిన లెక్కలు లేకుండా, తమ శరీరమే కొలబద్దగా వారు పడవలు కట్టారు.

మన నదుల మీద కూడా చిన్న పడవలకు కొరత లేదు. కృష్ణ, తుంగభద్రలలో జాలరులు పుట్టి వేసుకొని తిరుగుతారు. వెదురుతో పెద్ద బుట్టలా అల్లి, నీరు చొరకుండా అడుగున కప్పు వేస్తారు. ఒకప్పుడు ఆ కప్పుకు తోలు వాడేవారు. పుట్టి గుండ్రంగా ఉంటుంది కనుక దానికి ముందు, వెనుక లేవు. తెడ్డు సరిగా వేయకపోతే ఉన్నచోటనే గిరగిర తిరుగుతుంది. అయినా రాళ్ళ మధ్య లోతులేని నీటిలో దానికి సాటి లేదు. కయాక్ సన్నగా, పొడుగ్గా ఉండి నీటిని కోసుకుంటూ పోతుంది. కుడివైపు తెడ్డు వేస్తే పడవ ముక్కు ఎడమకు తిరుగుతుంది, ఎడమవైపు వేస్తే కుడికి. ఒకదాని తరువాత ఒకటి వేస్తూ ఉంటే పడవ నేరుగా సాగుతుంది. కొత్తవారు మొదటి పది నిమిషాలూ పాములా వంకర్లు పోతారు. అందులో సిగ్గుపడవలసిందేమీ లేదు.

తెలుగు నేలలో ఈ ఆటకు పేరు తెచ్చినది కోట్‌పల్లి జలాశయం. ఇది తెలంగాణలోని వికారాబాద్ జిల్లాలో, అనంతగిరి కొండలకు చేరువలో ఉంది. పొలాల కోసం కట్టిన ఈ చెరువు చుట్టూ అడవి ఉంది. 2010 తరువాతి సంవత్సరాలలో సెలవురోజు వస్తే హైదరాబాదు నుంచి జనం కయాక్‌లు నడపడానికి ఇక్కడికి రావడం మొదలుపెట్టారు. సాగునీటి చెరువు ఆటస్థలం కూడా కావడం మన ప్రాంతానికి కొత్తే.

సరదా ఆటగా మొదలైనా పోటీగా కూడా ఇది చాలా దూరం వెళ్ళింది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ నుంచి పతకాల పోటీలలో ఉంది. గ్వాలియర్‌కు చెందిన ప్రాచీ యాదవ్ కాళ్ళకు వైకల్యం ఉంది. ఆమె భోపాల్‌లోని చిన్న చెరువు మీద సాధన చేసింది. 2021లో జరిగిన టోక్యో పారాలింపిక్స్‌లో పాల్గొని ఫైనల్ దాకా వెళ్ళింది. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా పారా క్రీడలలో కయాక్ 200 మీటర్ల పోటీలో బంగారు పతకం గెలిచింది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. పడవ ఎందుకు తేలుతుంది? తన బరువుకు సమానమైన బరువుగల నీటిని పక్కకు నెట్టగలిగితే తేలుతుంది. 20 కిలోల కయాక్‌లో 45 కిలోల విద్యార్థి కూర్చుంటే 65 కిలోల నీరు, అంటే 65 లీటర్లు, పక్కకు జరుగుతుంది. పైకి నెట్టే ఈ బలాన్ని ఉత్ప్లవన శక్తి అంటారు. కూర్చున్నప్పుడు మన బరువు నీటికి దగ్గరగా ఉంటుంది, పడవ నిలకడగా ఉంటుంది. ఫోటో కోసమని లేచి నిలబడితే బరువు పైకి పోయి పడవ ఒరుగుతుంది. మన శరీరం ఇంచుమించు నీటి సాంద్రతతోనే ఉంటుంది కాబట్టి తల నీటిపైన ఉండడానికి కొద్దిపాటి సాయం చాలు. ఈత తెలిసిన పెద్దవారికి 5 కిలోల బరువును ఎత్తగల లైఫ్ జాకెట్ సరిపోతుంది. అయితే ఆ జాకెట్ ఒంటిమీద, బెల్టులు బిగించి ఉండాలి. పడవలో పక్కన పెట్టుకున్న జాకెట్ వల్ల ఉపయోగం సున్నా. ఈత వచ్చినవారికి కూడా ఇదే మాట.

వేసవిలో నీరు శాంతంగా కనిపిస్తుంది. అడుగున ఏముందో కనిపించదు. ఇసుక తవ్విన చోట మోకాలి లోతు నీరు ఒక్క అడుగులో నిలువు లోతు అవుతుంది. నీరు తగ్గిన జలాశయంలో మొద్దులు, వలలు, బురద పైకి వస్తాయి. పంపులు నీటిని లాగే చోటికి అసలు వెళ్ళకూడదు. మధ్యాహ్నం దాటితే గాలి లేస్తుంది, ఒక్కోసారి గాలివాన కూడా వస్తుంది. అందుకే పడవ నడపడానికి ఉదయమే మంచిది. వెళ్ళేటప్పుడు గాలికి ఎదురుగా వెళ్ళాలి. అలసిపోయి తిరిగి వచ్చేటప్పుడు గాలే ఒడ్డుకు తోస్తుంది. పడవ తిరగబడితే దానిని వదలకుండా పట్టుకొని ఉండాలి. ఒడ్డు దగ్గరే కదా అని ఈదుకుపోవడం కంటే అదే మేలు.

అన్నిటికంటె పెద్ద ప్రమాదం ఆనకట్ట దిగువన ఉంటుంది. 2014 జూన్ 8న హైదరాబాదు నుంచి మనాలీకి విహారయాత్రకు వెళుతున్న ఇంజనీరింగు విద్యార్థులు హిమాచల్ ప్రదేశ్‌లోని మండీ జిల్లాలో దారిలో ఆగారు. బియాస్ నదిలో నీరు తక్కువగా ఉంది. రాళ్ళ మీదికి దిగి ఫోటోలు తీసుకుంటున్నారు. ఎగువన లార్జీ ఆనకట్ట నుంచి నీరు వదిలారు. చూస్తూ ఉండగానే ప్రవాహం పెరిగి 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయి చనిపోయారు. అక్కడ ఆకాశంలో మబ్బు లేదు, వాన లేదు. ఎగువన ఎక్కడో ఒక గేటు తెరుచుకుంది, అంతే.

నాందేడ్ నగరం కూడా విష్ణుపురి ఆనకట్టకు దిగువనే ఉంది. ఘాట్ల దగ్గర ఎండిన ఇసుక మీద ఆడుకునే పిల్లలకు ఎగువన నీరు వదులుతున్నారో లేదో తెలియదు. కాబట్టి నదిలోకి దిగే ముందు నీరు వదులుతారేమో పెద్దలచేత కనుక్కోవాలి. నీటి అంచున ఒక పుల్ల గుచ్చి మధ్యమధ్య చూస్తూ ఉండాలి. పుల్ల మునుగుతున్నా, తేటనీరు మట్టిరంగుకు మారుతున్నా, చెత్త తేలుతూ వస్తున్నా, దూరాన హోరు వినిపించినా, చెప్పులు, సంచి కోసం ఆగకుండా గట్టెక్కాలి.

అర్థాలు
మడుగు : నదిలో నీరు నిలిచిన లోతైన చోటు
ఎగువ : నీరు వచ్చే వైపు
దిగువ : నీరు పోయే వైపు
సాంద్రత : ఒకే పరిమాణంలో ఉండే బరువు

ప్రశ్నలు
1. ఇన్యూట్ ప్రజలు పడవకు చెక్కకు బదులు తోలు ఎందుకు వాడారు?
2. పుట్టికీ కయాక్‌కూ ఉన్న తేడాలను మీ మాటల్లో రాయండి.
3. 18 కిలోల కయాక్‌లో 40 కిలోల విద్యార్థి కూర్చుంటే ఎన్ని లీటర్ల నీరు పక్కకు జరుగుతుంది?
4. మీ ఊరి దగ్గరి చెరువు లేదా నది వానాకాలంలో, వేసవిలో ఎలా ఉంటుందో ఇంట్లో పెద్దలను అడిగి పది వాక్యాలు రాయండి.