80జీ ఉంటే చాలదు

ప్రశ్న: గృహహింస బాధితులకు ఆశ్రయమిస్తున్నామంటూ మా ఊళ్లో ఒక సంస్థ విరాళం అడుగుతోంది. 80జీ పత్రం కూడా చూపించారు. నమ్మవచ్చా?
– ఓ పాఠకురాలు, ఏలూరు

జవాబు: మీరు పాత పన్ను విధానంలో ఉంటే 80జీ వల్ల పన్ను మినహాయింపు వస్తుంది. అంతేగానీ, అక్కడి మహిళలు క్షేమంగా ఉన్నారనడానికి అది పూచీ కాదు. స్వచ్ఛంద సంస్థలు నమోదు చేసుకునే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్ ఇచ్చే నంబరూ అంతే.

2005 గృహహింస చట్టం సెక్షన్ 10 కింద ‘సర్వీస్ ప్రొవైడర్’గా నమోదయ్యారేమో అడగండి. ఆ నమోదుకు దరఖాస్తు చేసేనాటికి కనీసం మూడేళ్లుగా ఆ సేవలు అందిస్తూ ఉండాలి. చెప్పింది నిజమో కాదో జిల్లా ప్రొటెక్షన్ ఆఫీసర్ దగ్గర వాకబు చేయండి. అనాథ పిల్లలకు హోమ్ కూడా నడుపుతుంటే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 41 నమోదు తప్పనిసరి. అది లేకుండా నడిపితే ఏడాది వరకు జైలు, లేదా లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ. క్రెడిబిలిటీ అలయన్స్ వంటి సంస్థలిచ్చే గుర్తింపు స్వచ్ఛందమే, ఉంటే మంచిది.

కాగితాలయ్యాక మనుషుల సంగతి. ఆడిట్ లెక్కలు చూపిస్తారా? సిబ్బందిపైనే ఫిర్యాదు వస్తే బయటివారెవరైనా వింటారా? బాధితురాలు వెళ్తానంటే వెళ్లనిస్తారా? విరాళాల కోసం బాధితుల ఫొటోలు, కథలు చూపిస్తుంటే అనుమానించాల్సిందే. అత్యాచార బాధితురాలి గుర్తింపును బయటపెడితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72 కింద రెండేళ్ల వరకు శిక్ష పడవచ్చు.

వీటికి సూటిగా జవాబు చెప్పినవారికే ఇవ్వండి, అదీ చెక్కు రూపంలో. రసీదు మాత్రం మరవకండి.